అవ్వ గురక

నిన్న సాయంత్రం గాలివానకు కర్నూల్లో కరెంటు పోయింది. వంటింట్లో ఫ్రిజ్ గురగుర ఒక్కసారిగా ఆగేసరికి నాకు అవ్వ గుర్తొచ్చింది.

నాకు ఐదేళ్లప్పుడు కమలాపురంలో అమ్మ వాళ్లమ్మ, మా అవ్వ, చనిపోయింది. కర్నూలు నుంచి మామ వచ్చేదాకా ఉంచాలని ఫ్రీజర్ పెట్టె అద్దెకు తెచ్చారు. అద్దం మూత కింద అవ్వ పడుకుని ఉంది. పెట్టె మోటారు గుర్రుమంటోంది. రోజూ ఆమె పక్కలోనే పడుకునేదాన్ని కదా, అది అవ్వ గురకే అనుకున్నాను. అమ్మ ఎందుకు ఏడుస్తోందో అర్థం కాలేదు.

మధ్యాహ్నం గాలివాన లేచింది. చెట్లు విరిగి పట్టాల మీద పడి మామ రైలు దారిలోనే నిలిచిపోయింది. ఊళ్లో కరెంటు స్తంభాలు ఒరిగాయి. గురక ఆగిపోయింది. అప్పుడు ఏడ్చాను నేను.

"ఇంక పెట్టుకోలేమప్పా. ఆ రైలు ఎప్పుడు కదుల్తాదో ఏమో," అన్నారు చర్చి అయ్యగారు నాన్నతో.

సమాధిలో కొడుకు వేయాల్సిన మొదటి పిడికెడు మట్టి నాన్న వేశాడు.

మర్నాడు మామ వచ్చి అవ్వ ఖాళీ మంచం పట్టుకుని కూలబడ్డాడు. నేను దగ్గరికెళ్లాను.

"అవ్వ నీకోసం శానాసేపు కాచుకోనుండె మామా. కరెంటు పోయినాకనే సచ్చిపోయింది."

"నిజంగానా పాపా?"

"నిజంగా. గురక గూడా పెడతాండె."

మామ నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

పెద్దయ్యాక ఒకసారి, అది మోటారు చప్పుడని చెప్పబోయాను. మామ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అట్లే ఉండనీ పాపా."