బావ లారీకి పెద్ద డైనమో

మొన్న ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఒక పాత లారీ బానెట్టు ఎత్తుకుని నిలబడి ఉంది. బ్యాటరీల కొట్టతను ఇంజను వైపు కన్నెత్తి చూడకుండానే, "బ్యాటరీ అయిపోయిందన్నా, కొత్తది వేసుకో" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. "బెల్టు చూసినావా? డైనమో చూసినావా?" అని అడిగాను. "ఎండ జాస్తిగా ఉంది తాతా, నీడకు పో" అన్నాడు. పోయాను. కానీ కాగిన నూనె వాసన నా వెంటే వచ్చింది, మా బావను వెంటబెట్టుకుని.

బావ అంటే మా అక్క మొగుడు. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను నంద్యాలకు చేర్చే లారీ ఆయనది. ఇంకా కళ్లు తెరవని దేవుళ్లు వెనక వరిగడ్డిలో పడుకుని ఉంటే, ముందు స్టీరింగు దగ్గర బావ, పక్కన నేను. నాకూ బండి తోలడం వచ్చు, లైసెన్సూ ఉంది. అయినా ఆ లారీ చక్రం మీద నన్ను చేయి వేయనిచ్చేవాడు కాదు. "మీ అక్క ఒప్పుకుంటే ఇల్లు రాసిస్తాప్పా, స్టీరింగు మాత్రం అడగద్దు" అనేవాడు. అది పరాచికం కాదు. ఆళ్లగడ్డలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, 'డ్రైవరన్న' అంటేనే పలికేవాడు. ఆ సీటు పోతే మనిషిలో ఇంక మిగిలేదేమీ లేదన్నట్టుండేది.

ఒక ఏడు ఉన్నట్టుండి ఆయనకు లైట్ల పిచ్చి పట్టుకుంది. ముందు పెద్ద బల్బులు వేయించాడు. తర్వాత బంపరు మీద ఇంకో జత, క్యాబిను నెత్తిన మరో జత. "పెళ్లి బండి మాదిరుంది బావా" అంటే, "రోడ్డు కనపడొద్దా ఏంది?" అని కసిరేవాడు. పాపం, ఆ ముసలి డైనమో అంతమందికి అన్నం పెట్టగలదా? దాని అసలు పేరు ఆల్టర్నేటరు, లారీవాళ్లకు మాత్రం ఏదైనా డైనమోనే. పొద్దున సెల్ఫు మూలిగేది, సాయంత్రానికి హారను గొంతు పోయేది. నంద్యాలలో ఒకాయన చెబితే కొత్త బ్యాటరీలు వేయించాం. కొన్నాళ్లకే అవీ చచ్చాయి.

అప్పుడు నేనే దిగాను. నేను బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు ఇంజన్ల మీద పోతపోసిన పేర్లు చూసి నేర్చుకున్నవాణ్ణి. ముందు బెల్టును బొటనవేలితో నొక్కాను, బిగువుగానే ఉంది. ఇంజను నడిపి బ్యాటరీకి మీటరు పెట్టాను, ముల్లు పైకి లేవాల్సింది పోయి కిందికి వాలుతోంది. తాళం తిప్పి, డైనమో వీపుకు స్క్రూడ్రైవరు ఆనించాను. లోపల కరెంటు పారుతుంటే అది అయస్కాంతమై ఇనుమును పట్టుకోవాలి. పట్టుకోలేదు. విప్పి చూస్తే, తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగి గోరంత మిగిలాయి.

ముక్కలు మారిస్తే బండి నడుస్తుంది, ఇన్ని లైట్లు మాత్రం మోయదు. అందుకని నంద్యాల పాత సామాన్ల అంగట్లో పెద్ద లారీ డైనమో ఒకటి వెతికి తెచ్చాం. అది పాత చోట కూర్చోలేదు. దాన్ని నిలబెట్టే పట్టీ కొత్తగా వెల్డింగు చేయించి, బెల్టు వంకర పోకుండా పుల్లీ సరిచేసి, బ్యాటరీ దాకా లావు వైరు లాగాను. బిగించీ బిగించగానే బావ, "ఇంజను నడుస్తాండగా బ్యాటరీ వైరు పీకి చూద్దామప్పా, లైటు ఆరకుంటే మంచిదే" అని చేయి పెట్టబోయాడు. ఆయన చేయి లాగేశాను. వెనకటి డైనమోలకు అది చెల్లింది, వీటికి చేస్తే లోపల కాలి కూర్చుంటాయి. "అబ్బో, ఇంజినీరు!" అని నవ్వాడు.

ఆ సాయంత్రమే లోడుతో నంద్యాలకు బయలుదేరాం. మునిమాపుకు శిరివెళ్ల దాటాం. అన్ని లైట్లూ వేశాడు. రోడ్డు పాలు పోసినట్టుంది. నా ఛాతీ ఉబ్బింది.

"ఇంగా మసగ్గానే ఉందే. ఇంతేనా నీ డైనమో?" అన్నాడు బావ.

"అన్నీ వెలుగుతాండాయి బావా."

"యాడ వెలుగుతాండాయి?"

"ఆ మైలురాయి మీద అక్షరాలు కూడా కనపడతాండాయి నాకు."

బావ కొంత దూరం పోయి, బండిని పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. దిగి, ఆ వెలుతురుకు అడ్డంగా నడిచి, నా వైపు తలుపు తెరిచాడు. "జరుగప్పా. నువ్వు తోలు" అన్నాడు. ఆయన నీడ రోడ్డు మీద ఎంత పొడుగ్గా పడిందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆ తర్వాత ఆయన ఎన్నడూ స్టీరింగు పట్టలేదు. కంటి డాక్టర్లు ఏదో చెప్పారు, ఆలస్యమైందన్నారు. కానీ నా వెంట రావడం మానలేదు. ఎడమ సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, "ఇప్పుడు కుడికి తిరుగుతాది, మెల్లగా... ముందర కల్వర్టు, గేరు తగ్గించు" అని దారంతా చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. నాకు కనపడుతూనే ఉండేది, అయినా ఆయన చెప్పేదాకా తిప్పేవాణ్ణి కాదు.

బావ పోయాక రోడ్డును వెడల్పు చేశారు. మలుపులన్నీ కోసేసి గీత గీసినట్టు చేసి, అభివృద్ధి అన్నారు. ఎవరిని అడిగి చేశారో! కాలం మనిషిని తీసుకుపోతుందని నాకు ముందే తెలుసు. ఆ మనిషికి కంఠతా వచ్చిన దారిని కూడా తీసుకుపోతుందని మాత్రం తెలియదు.