పెద్దమ్మ ప్రార్థనల్లో విలన్లు

గురువారం ఉదయం పని మీద కరీంనగర్‌లో ఉండగా పక్కింటి పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది. "అన్నా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితే లేవలే" అంది. బస్టాండులో బెంచీ మీద కూలబడ్డాను. ఏడ్చాను కూడా. కానీ దాపరికం దేనికి, ఏడుపు కంటే ముందు నాకు కలిగింది ఊరట. నొప్పి తెలియకుండా నిద్రలో పోయిందన్న ఊరట ఒకటి. నాలుగేళ్లుగా ఆమెకు చెప్పలేక మింగుతూ వచ్చిన మాటను ఆమె పోవడానికి మూడు వారాల ముందు చెప్పేశానన్నది రెండోది, అంతకంటే పెద్దది. ఇంకొంచెం వాయిదా వేసి ఉంటే ఆమె గురించి నాలుగు ముక్కలు రాసే ముఖం కూడా నాకు ఉండేది కాదు.

ఆమె నాకు వరసకు ఏమీ కాదు. నస్పూర్‌లో గోడ అవతలి ఇల్లు. భర్త బొగ్గుబాయిలో పనిచేసి ఎప్పుడో పోయాడు. కాలనీలో అందరికీ ఆమె పెద్దమ్మే. మా చర్చి మందిరంలో బుధవారం స్త్రీల ప్రార్థన కూడికను ఇరవై ఏళ్లు ఆమే నడిపింది. పాట ఎత్తుకుంటే శ్రుతి ఎటు పోయినా ఆమె మాత్రం ఆగేది కాదు.

సాయంత్రం ఆరున్నరకు టీవీలో ఒక పోలీసు సీరియల్ వచ్చేది. హిందీది, తెలుగు మాటలు అతికించారు. ఇన్నేళ్లలో హీరోకు వయసు పెరగలేదు, ఎంత కొట్లాడినా చొక్కా నలగలేదు. విలన్లు మాత్రం రెండు మూడు నెలలకొకడు చొప్పున మారేవాళ్లు. పెద్దమ్మకు వాళ్లంటేనే ఇష్టం. హీరో కనిపిస్తే చిక్కుడుకాయల చేట ముందుకు లాక్కుని ఈనెలు తీసేది. విలన్ రాగానే చేట పక్కకు పోయేది. పావురాలకు గింజలు వేస్తూ మనుషుల్ని చంపమని చెప్పే ముసలాయన, పొద్దస్తమానం చేతులు కడుక్కునే దొంగ డాక్టరు, ఊరంతటినీ గడగడలాడించి తల్లి ఫోన్ చేస్తే లేచి నిలబడే ధన్‌రాజ్, ఇట్లా ఎందరో. అందరిలోకీ ధన్‌రాజ్ అంటే ఆమెకు ప్రాణం. తల్లికి భయపడేవాడు ఎప్పటికైనా బాగుపడతాడని వాదించేది.

హీరోను వదిలి వీళ్ల మీద ఈ ప్రేమ ఏమిటని ఒకసారి అడిగాను.

"హీరోకు కథ రాసేటోడే ఉన్నడు కొడుకా. విలన్‌కు ఎవలున్నరు?" అంది.

నవ్వేశాను. ఆమె ఆ మాట ఎంత మనస్ఫూర్తిగా అన్నదో అప్పుడు నాకు తెలియదు.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసమైనా ప్రార్థన కావాలంటే చీటీ రాసి గుమ్మం దగ్గరి పెట్టెలో వేస్తారు. వాటిని తీసి, పైన వరుస నంబరు వేసి, నోటుబుక్కులో ఎక్కించి పాస్టరు గారికి ఇవ్వడం సంఘం కార్యదర్శిగా నా పని. ఇలాంటి వాటిలో నాకు మహా పట్టింపు. "ధన్‌రాజ్ మనసు మారాలి, అతని తల్లి ఒంటరిది" అని పెద్దమ్మ చీటీ వరుసగా ఐదు ఆదివారాలు వచ్చింది. ఐదు ఆదివారాలూ సంఘమంతా కళ్లు మూసుకుని ధన్‌రాజ్ కోసం ప్రార్థించాం. పేరును బట్టి మహారాష్ట్రలో చంద్రపూర్ వైపు చుట్టం కాబోలు అనుకున్నాం. ఒక పెద్దాయన, అడ్రసు ఇస్తే తానే వెళ్లి మాట్లాడి తాగుడు మాన్పించి వస్తానని ముందుకొచ్చాడు. వాడు ఒక్కచోట ఉండేవాడు కాదని పెద్దమ్మ జవాబు చెప్పిందట. అందులో అబద్ధమేమీ లేదు.

ఒక సాయంత్రం మా ఆవిడ టీవీ పెట్టింది. పోలీసు హీరో జీపు దిగి, "ధన్‌రాజ్, మీ అమ్మ నాకు అంతా చెప్పింది" అని అరిచాడు. నేను తాగుతున్న చాయ్ వదిలేసి నోటుబుక్కు తెరిచాను. రెండేళ్ల పేజీలు తిప్పుతూ పెద్దమ్మ చీటీల్లోని పేర్లు పైకి చదివితే మా ఆవిడ ఒక్కొక్కడినీ గుర్తుపట్టింది. ఇతను పావురాలాయన, ఇతను డాక్టరు. ఆ డాక్టరు మేడ మీది నుంచి పడి చనిపోయినప్పుడు అతని కుటుంబానికి ఆదరణ కలగాలని సంఘమంతా లేచి ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాం కూడా.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వు ఆగదు. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది. నేను అంత శ్రద్ధగా రాసుకున్న పుస్తకం నవ్వులపాలైందనిపించింది. ఎదురుగా అడిగే ధైర్యం లేదు. ఈ పేర్లన్నీ టీవీ విలన్లవని ఎడమ చేత్తో ఒక చీటీ రాసి, కింద పేరు పెట్టకుండా, పాస్టరు గారి ఇంటి తలుపు సందులోంచి తోసి వచ్చాను.

కమిటీ ఆమెను పిలిచి ఆ చీటీ చూపించింది. మందిరంతో ఆటలాడిందన్నారు. బుధవారం కూడికను ఆమె చేతిలోంచి తీసేశారు. పెద్దమ్మ వాదించలేదు. ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. అంతటితో ఆగితే నేను ఎలాగో మనసుకు సర్ది చెప్పుకునేవాడినేమో. కానీ ఇంట్లో మాట బయటికి ఎవరు మోశారన్న ప్రశ్న వచ్చింది. పక్కన కూర్చుని ఆ సీరియల్ చూసేది కోడలే కాబట్టి ఆడవాళ్లంతా ఆమె వైపు చూశారు. అత్తను రచ్చకెక్కించిన కోడలని పేరు పడింది. కూడికలో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. నాలుగేళ్లు అలా గడిచాయి. నేను గోడ ఇవతలే ఉన్నాను, నోరు విప్పలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటైపోయింది.

ఈ మధ్య పెద్దమ్మ ఆయాసంతో మంచం పట్టింది. ఇక ఆగితే లాభం లేదని మూడు వారాల కింద ఒక సాయంత్రం వెళ్లాను. టీవీలో ఎవడో కొత్త విలన్ గట్టిగా నవ్వుతున్నాడు. వాడికింకా భయపెట్టడం చేతకావడం లేదని పెద్దమ్మ జాలిపడింది. నేను పక్కన కూర్చుని, ఆ చీటీ వేసింది నేనేనని చెప్పేశాను.

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"తెల్సు. దాని మీద నంబరేసినవ్ గదా" అంది.

ఎడమ చేత్తో రాయడానికి అంత తిప్పలు పడ్డవాడిని, అలవాటు కొద్దీ పైన వరుస నంబరు వేశానట. పెట్టెలో పడని చీటీకి నంబరు ఎట్లా వచ్చిందని కమిటీలో ఎవరికీ తోచలేదు. అన్ని చీటీల మీదా నంబరు చూసి చూసి పాస్టరు గారి కంటికి కూడా ఆనలేదు. పెద్దమ్మకు చూపించగానే ఆనింది. మరి నా పేరు ఎందుకు బయటపెట్టలేదని అడిగాను.

"చెప్తే నువ్వు మందిరానికి వచ్చుడే బంద్ చేస్తుంటివి. విలన్‌కు మారెటందుకు జర టైమియ్యాలె" అంది.

నాలుగేళ్లుగా రోజూ ప్రార్థనలో నా పేరు కూడా చెప్పుకుంటోందట. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"నాకెందుకు చెప్తున్నవ్? నా కోడలికి చెప్పు పో. నువ్వు గాదని నేను ఎన్నిసార్లు జెప్పినా, అత్త మాఫ్ జేసింది అనుకుంటది గని నమ్మింది అనుకోదు."

తర్వాతి ఆదివారం సంఘం ముందు కూడా లేచి నిజం చెప్పాను. కార్యదర్శి పని వదిలేశాను. మొన్న సమాధి దగ్గర ఆడవాళ్లు కోడలి చుట్టూ నిలబడి ఆమెను పట్టుకుని ఏడ్చారు, అది చూసి నా గుండె తేలికపడింది. అయినా పెద్దమ్మ అనగానే నాకు కళ్ల ముందు నిలిచేది ఆ సాయంత్రమే.

పెద్దమ్మ పొమ్మనగానే లేచాను. వంటింట్లో కోడలు జొన్నరొట్టెలు చేస్తోంది. గడప దగ్గర నిలబడి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. పెనం మీద రొట్టె మాడుతున్నా చూసుకోలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. అసలు నా వైపే చూడలేదు. ముందు గది వైపు తిరిగి, "అత్తమ్మా, ఇన్నవా? నేను గాదు" అంది, చిన్నపిల్ల చెప్పినట్టు.

టీవీ ఆగిపోయింది. సీరియల్ మధ్యలో పెద్దమ్మ టీవీ కట్టేయడం నేను ఎన్నడూ ఎరగను. కోడలు పిండి చేతులతోనే వెళ్లి మంచం మీద కూర్చుంది. పెద్దమ్మ ఆ చేతులు తన ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలికీ ఎండి అంటుకున్న పిండిని మెల్లగా రాలుస్తూ ఉండిపోయింది.