కొట్టెయ్యని జవాబు

తొంభైల్లో యూనివర్సిటీ సర్వే ఫారాలు పట్టుకుని మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాణ్ణి. పాలకీడు దగ్గరి తండాలో ఒక ముసలమ్మ నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. పేపరోళ్లు రాసేది నిజమేనంది. సర్కారును నమ్ముతానంది. పెన్నుతో టిక్కులు పెట్టుకుని లేవబోతుంటే అడిగింది.

“బోరింగు ఎప్పుడేస్తరు సారూ?”

“నేను సర్కారు మనిషిని కాదమ్మా. యూనివర్సిటీ నుంచి వచ్చిన.”

ఆమె నా చేతిలోని ఫారం వైపు వేలు చూపించింది.

“గట్లయితే నమ్ముతనన్నది కొట్టెయ్యి బిడ్డా. బోరింగొస్తదని చెప్పిన.”

కొట్టివేతలున్న ఫారాలను మా పైవాళ్లు తిప్పి పంపేవారు. మళ్లీ అంతదూరం ఎవరొస్తారు? సరేనన్నట్టు తలూపి, ఫారాన్ని అలాగే సంచిలో పెట్టుకున్నాను.

తర్వాత అచ్చయిన నివేదికలో, ఆ తండావాళ్లకు ప్రభుత్వం మీద నమ్మకం ఎక్కువని ఉంది. ఆ వాక్యం రాసింది నేనే.