వాసన లేని సముద్రం

ధనరాజుకి పుట్టుకతో వచ్చిన జబ్బు ముక్కు. కోనాడ ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టిన వాడికి అంత సున్నితమైన ముక్కు పెట్టడం దేవుడి ఎకసెక్కం కాకపోతే ఏమిటి? ఇంటి చుట్టూ ఇసకలో చేపలు ఎండుతుంటే తోటి పిల్లలు వాటి మధ్యే ఆడుకునేవారు. వీడు మాత్రం అన్నం కంచం పట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, రెండో వైపుకి వెళ్లి కూర్చునేవాడు. తండ్రి ఎర్రన్న వల పట్టుకోమంటే వీడు అక్కడికక్కడే వాంతి చేసుకున్నాడు.

"ఈడు మన అక్కరకొచ్చే సరుకు కాదు. సదువుకోనీ" అని ఎర్రన్న చేతులు దులుపుకున్నాడు.

చదువుకున్నాడు. విజయనగరంలో కళ్లద్దాల కొట్లో కుదిరాడు. తెల్లచొక్కా, సెంటు, మేడ మీద అద్దె వాటా. యాసని కూడా సబ్బు పెట్టి కడిగేసుకున్నాడు. కొట్టుకొచ్చిన వాళ్లెవరైనా మీదే ఊరండీ అని అడిగితే "ఇక్కడే" అనేవాడు. మేనమామ కూతురు గౌరిని చేసుకున్నాడు గానీ, ఆ పిల్లకి నీచు వండే అదృష్టం ఆ ఇంట్లో ఎన్నడూ దక్కలేదు.

అలాంటివాడు హాల్లో సముద్రం పెట్టాడు. నాలుగడుగుల గాజు తొట్టి, ఉప్పునీళ్లు, నీలం లైట్లు, రెండు నారింజరంగు చేపలు, రాళ్ల మీద రకరకాల పగడాలు. విశాఖలో ఒక పెద్దమనిషి ఇంట్లో చూసి మనసు పారేసుకున్నాడు. సముద్రమంటే ఇలా ఉండాలి, అద్దం వెనక, కంపు లేకుండా అనుకున్నాడు.

"కూరకి పనికిరాని సేపలకి ఇంత సేవేటి మావా?" అని గౌరి నవ్వేది.

ఆమె నవ్వనిది ఒక్కచోటే. ధనరాజు తల్లి లక్ష్మణమ్మ గజపతినగరం సంతలో ఎండుచేపలు అమ్ముకుని, తిరిగి వెళ్తూ కొడుకింటి దగ్గర ఆగేది. ఆవిణ్ణి ధనరాజు మెట్ల మీదే కూర్చోబెట్టేవాడు. బయటి వాసన తగిలితే తొట్టిలో పగడాలు చచ్చిపోతాయని చెప్పాడు. పచ్చి అబద్ధం. ఆవిడ నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో, ఖాళీ గంప పక్కన పెట్టుకుని అక్కడే టీ తాగి వెళ్లిపోయేది.

"మా అత్తని మెట్ల మీద కూకోబెట్టే ఇల్లు నాదెలాగవుతాది? ఏదో ఓ పూట ఆయమ్మతోటే ఎల్లిపోతాను, సూస్కో" అంది గౌరి.

గౌరి ఉత్తుత్తి మాటలు అనే మనిషి కాదు. ఆ సంగతి ధనరాజుకి తెలుసు. అయినా తల్లిని లోపలికి రమ్మనడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఇలా ఉండగా తొట్టికి పీడ పట్టింది. దాని పేరు బటన్ కోరల్. చొక్కా బొత్తాల్లాంటి గోధుమరంగు పువ్వులు, గుత్తులు గుత్తులుగా. పగడాలమ్మే కొట్టువాడు చిన్న రాయితో పాటు ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చిందని మురిసిపోయాడు వెర్రివాడు. అది ఏకై వచ్చి మేకై కూర్చుంది. ఒక రాయి నిండింది, పక్క రాయికి పాకింది, ఖరీదు పెట్టి తెచ్చిన పచ్చ పగడాన్ని చుట్టుముట్టి ఊపిరాడనివ్వలేదు. చూస్తుండగానే తొట్టంతా గజ్జి పట్టినట్టయింది.

ఆదివారం పొద్దున్నే బ్లేడు పట్టుకుని దిగాడు. గీకితే ఊడి రావే! బ్లేడు తగలగానే ఒక్కొక్కటీ నోరు ముడుచుకుని, చీమిడి లాంటి జిగురు కక్కింది. అది తీగలు తీగలుగా సాగి చేతి తొడుగులకి చుట్టుకుంది, మోచేతి దాకా పాకింది. సగం తెగిన ముక్కలు నీళ్లలో తేలుతూ మళ్లీ వేరే రాయికి అతుక్కోవడానికి పోతున్నాయి. ఛీ అనుకున్నాడు. రాళ్లనే బయటికి తీసి బకెట్లో వేసి స్నానాలగదిలో పెట్టాడు. మధ్యాహ్నం తలుపు తీసేసరికి కుళ్లిన గుడ్డూ మురిగిన రొయ్యపొట్టూ కలిసిన కంపు మొహాన కొట్టింది. బకెట్లో బూడిదరంగు నురగ. దాని మీద అప్పుడే రెండు ఈగలు.

ఇరవయ్యేళ్లుగా వాడు తప్పించుకు తిరిగిన కంపు, స్నానాలగదిలోంచి నడిచి హాల్లోకి వచ్చేసింది. కింద వాటాలో ఉండే ఇంటాయన జగన్నాధం మెట్ల దగ్గర నుంచి "ఏమండీ, పైన ఎలుక గానీ చచ్చిందా?" అని కేకేశాడు. ధనరాజుకి చచ్చేంత సిగ్గేసింది. ఇంకాసేపుంటే చేపలవాళ్ల ఇల్లు కదా అంటాడు. అంటాడేమోనన్న తలంపుకే వాడి చెవులు కాలిపోయాయి.

రాళ్లు పారేద్దామంటే ప్రాణం ఒప్పలేదు. అప్పుడు వాడికి చిన్నప్పటి పని గుర్తొచ్చింది. కోనాడలో పిల్లలు ఏరుకొచ్చిన గవ్వల్నీ శంఖాల్నీ ఆడవాళ్లు పెద్ద డేక్సాలో ఉడకబెట్టేవారు. ఉడికితే లోపలి మాంసం తనంతట తనే వదిలేసేది, గుల్ల శుభ్రంగా మిగిలేది. సముద్రంలోది ఏదైనా మరిగే నీళ్లకి లొంగుతుందని ఆ ఊళ్లో పసివాడికి కూడా తెలుసు. అసహ్యించుకుని వదిలేసిన ఊరి నుంచి వాడు తెచ్చుకున్న విద్య అదొక్కటే. కాకపోతే ఆడవాళ్లు ఆ పని ఆరుబయట, గాలివాటున చేసేవారు. వీడు వంటింటి కిటికీ మూసి, తలుపు మూసి, గుమ్మం కింద గోనెపట్టా కుక్కి మరీ రాళ్లు వేసిన గిన్నె కింద పొయ్యి వెలిగించాడు, కంపు పక్కింటికి తెలియకూడదని.

"కిటికీ తియ్యి మావా, ఉడికిపోతన్నాం" అంది గౌరి.

"వద్దు. ఒక్క పావుగంట. కాస్త కలుపుతూ ఉండు, నేను తొట్టి చూసి వస్తాను."

తొట్టి చూడ్డానికేమీ లేదు. ఆ ఆవిరి పడక బయటపడ్డాడు, అంతే. తను ఒక్క క్షణం నిలవలేని చోట పెళ్లాన్ని గరిటె పట్టించి నిలబెట్టి, తను హాల్లో ఫ్యాను కింద చల్లగా కూర్చున్నాడు.

ముందు దగ్గు వినిపించింది. పొగకి కాబోలు అనుకున్నాడు. తరవాత గరిటె కింద పడ్డ చప్పుడు. తలుపు తోసేసరికి గౌరి పొయ్యిగట్టు కింద కూలబడి ఉంది. కళ్లు ఎర్రగా వాచాయి, ఒళ్లు వణుకుతోంది, గాలి పీల్చుకుంటే గొంతులో ఈల.

"నోరంతా సేదు... ఇనుం నాకినట్టున్నాది మావా" అంది.

ఇన్నేళ్లుగా కడిగి దాచిన యాస ఒక్కసారిగా తన్నుకొచ్చింది ధనరాజుకి. "ఒసే గౌరీ! లెగే! ఊపిరి తియ్యే, నీ కాల్లట్టుకుంతాను!" అని అరుస్తూ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. వాడికీ ఛాతీ పట్టేస్తోంది.

ఆసుపత్రిలో గౌరికి ఆక్సిజన్ పెట్టారు. పెద్ద డాక్టరు సంగతంతా విని తల పట్టుకున్నాడు.

"అందులో కొన్ని జాతులకి విషం ఉంటుందయ్యా. ఉడకబెడితే ఆవిరితో నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిటికీ తెరిచి ఉన్నా కాస్త నయంగా ఉండేది. ఎందుకు మూశారు?"

ధనరాజు ఏమని చెబుతాడు? పరువు కోసమనా? ఆ మాట మనసులో అనుకున్నా వాడికి తన మీద తనకే రోత పుట్టింది, బకెట్లో నురగ చూసినప్పటి కంటే ఎక్కువగా.

కబురు అంది లక్ష్మణమ్మ సంతలోంచి చేపల గంపతో అలాగే వచ్చింది. గౌరి లేచి తిరిగే దాకా మంచం పక్కనే ఉంది. చెంచాతో గంజి పట్టింది, నోరు తుడిచింది, తల దువ్వింది. పక్క మంచాలవాళ్లు మొహాలు తిప్పుకున్నా ఆవిడ పట్టించుకోలేదు. కొడుకుని ఒక్క మాటా అనలేదు. తిడితే బావుండునని వాడు ఎదురుచూశాడు.

గౌరిని ఇంటికి పంపించే రోజున ధనరాజు గేటు దగ్గరికి ఆటో పిలిచాడు. అత్తాకోడళ్లు ఎక్కి కూర్చున్నారు. గౌరి ఆటోవాడితో "కోనాడకి పోనీ బాబూ" అంది.

"అదేంటి గౌరీ! ఇల్లంతా కడిగించాను. తొట్టి తీసేశాను. ఇప్పుడేం వాసన లేదు. అమ్మ కూడా లోపలే ఉంటుంది, ఒట్టు" అన్నాడు ధనరాజు. నిజంగానే తీసేశాడు, నిజంగానే ఏడుస్తున్నాడు.

"నాను అత్తతో ఎల్తాను మావా. అక్కడ కంపుంటాది గానీ ఊపిరాడతాది."

లక్ష్మణమ్మకి కొడుకు మొహం చూసి జాలేసింది. గంప ఒళ్లో పెట్టుకుని, పక్కకి జరిగి చోటిచ్చింది. "ఏటలా నిలబడిపోయినావు? నువ్వూ రారా నాయనా, ఎక్కు" అంది.

గౌరి అడ్డు చెప్పలేదు. భర్త వైపే చూస్తోంది. ధనరాజు ఆశగా ఆటోలోకి వంగాడు. వంగగానే, వాడి ప్రమేయం లేకుండా, వాడి చెయ్యి ముక్కు మీదికి వెళ్లింది.

గౌరి అది చూసింది.

"పోనీ బాబూ" అంది ఆటోవాడితో.