మ్యూట్‌లో ఉన్న నా గొంతు

దెయ్యం పట్టిందని మా దగ్గరికి తీసుకొచ్చిన చాలామందితో మాట్లాడాను. వాళ్ళలో ఒక్కరికీ దెయ్యం పట్టలేదు. నిద్ర లేక, దిగులు చెప్పుకునే దిక్కు లేక అలా అయినవాళ్ళే. గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పదకొండేళ్ళుగా కౌన్సిలర్‌ని నేను. ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఓపీ మూసేసి, మమ్మల్ని ఇళ్ళ నుంచే ఫోన్లో మాట్లాడమన్నారు. మంగళగిరిలో అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. రాకపోకలు ఆగిపోయి అక్కడే క్వార్టర్స్‌లో ఉండిపోయారు.

నాకు అప్పగించిన పేషెంట్లలో నాంచారమ్మ గారు ఒకరు. ప్రకాశం వైపు ఒక పల్లెలో మిరప వేసే కుటుంబం. భర్త కరోనాతో ఆస్పత్రిలో పోయారు. శవాన్ని అటు నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ సరిగా ఉండదు, అందుకని వీడియో లేకుండా మాటలే. ప్రతి మంగళవారం పొద్దున పదకొండింటికి ఫోన్. ప్రతిసారీ అదే మాట.

"మొహం చూపించలేదమ్మా. ఒక్కసారి చూపిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?"

ఐదో వారం నాకు విసుగొచ్చింది. రోజూ పదిమంది ఏడుపులు వింటున్న మాట నిజమే. కానీ ఆ రోజు నేను చేసినదానికి అది సమాధానం కాదు. ఆవిడ మొదలుపెట్టగానే ఫోన్ మ్యూట్‌లో పెట్టి, హాల్లో బల్ల మీద వదిలేసి, దొడ్లోకి వెళ్ళి బట్టలు ఉతుక్కున్నాను. జాడించి, ఆరేసి మరీ వచ్చాను.

అప్పటికి ముప్ఫై ఎనిమిది నిమిషాలు అయ్యాయి. మైకు బొమ్మ మీద అడ్డగీత అలాగే ఉంది. అది నొక్కి తీసింది నేనే.

"ఉంటానమ్మా. మీరు చెప్పినట్టే చేస్తాను," అని ఆవిడ పెట్టేశారు.

'పేషెంటుకి ధైర్యం చెప్పాను' అని ఫైల్లో రాసుకున్నాను.

తర్వాతి మంగళవారం ఫోన్ ఎత్తింది వాళ్ళమ్మాయి, డిగ్రీ చదువుతోంది.

"మేడం, మా అమ్మని మీరే బతికించారండీ," అంది.

కిందటి వారం నాంచారమ్మ గారు పురుగుమందు డబ్బా పక్కన పెట్టుకుని నాతో మాట్లాడారట. పక్కన ఏముందని నేనే అడిగానట. కూతుర్ని పిలిపించి, డబ్బా ఆ పిల్ల చేతికి ఇప్పించి, తను దాన్ని బయటికి తీసుకెళ్ళేదాకా లైన్లోనే ఉన్నానట.

"స్పీకర్లో నేనూ విన్నానండీ. మీరు మీ నాన్నగారి సంగతి చెప్పినప్పుడు మా అమ్మ మీకోసం ఏడ్చింది."

"ఏం చెప్పాను?" అన్నాను.

ఆ పిల్ల కాస్త తటపటాయించింది. "ఆస్పత్రివాళ్ళు చూడ్డానికి రమ్మన్నా మీరే భయపడి వెళ్ళలేదని... రానివ్వలేదని ఇంట్లో అబద్ధం చెప్పారని..."

మా నాన్న అంతకుముందు ఏడాది, మొదటి కరోనాలో పోయారు. కిట్ వేసుకుని దూరం నుంచి చూడొచ్చు, రండి అని ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారు. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఆ సంగతి మా ఆయనకి కూడా తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడైనా ఆ మాట నా నోటితో అనుకోలేదు.

"మేడం, ఉన్నారా?" అంటోంది ఆ పిల్ల.

"ఉన్నానమ్మా. అవును, చెప్పాను," అన్నాను. నేను చెయ్యని పనికి వాళ్ళ దండాలు కూడా నేనే తీసుకున్నాను. ఆ రోజే మా డాక్టరు గారితో నాంచారమ్మ గారిని మాట్లాడించి మందులు రాయించాను. ఆ తర్వాత ఆవిడతో మాట్లాడేటప్పుడు నేను ఫోన్‌ని ఒక్క క్షణం కూడా చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

లైను కలిసిపోయి వేరే ఎవరైనా మాట్లాడారేమో అనుకుంటే, మా నాన్న సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది? నేనే మాట్లాడి మర్చిపోయానా అంటే, ఆ రోజు దండెం నిండా నేను ఆరేసిన తడిబట్టలు ఉన్నాయి. కాల్స్ రికార్డు చెయ్యకూడదని మా నియమం, కాబట్టి వినడానికీ ఏమీ లేదు.

నాంచారమ్మ గారు బాగున్నారు. ఈ ఏడు కూడా మిరప వేశారు. ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మా అమ్మ మాత్రం నాన్న మాట వచ్చినప్పుడల్లా, "కన్నకూతుర్ని కూడా రానివ్వలేదు, పాపిష్టోళ్ళు," అని ఆ ఆస్పత్రివాళ్ళని తిడుతూనే ఉంది. నేను పక్కన కూర్చుని వింటూనే ఉన్నాను.