యారాడలో గడ్డకట్టిన ఇన్సులిన్

పంతొమ్మిదివందల ఎనభైల్లో మా అక్క మొగుడు సింహాద్రి బావకి చక్కెర జబ్బు ముదిరింది. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటున్నా తగ్గదు, డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోతున్నాడు. మనిషి బొత్తిగా దిగాలు పడిపోయాడు. సముద్రం గాలి తగిలితే కాస్త తేరుకుంటాడని ఓ ఆదివారం యారాడ తీరానికి బయల్దేరదీశాను.

పొద్దున్నే పెందుర్తిలో బస్సెక్కి, పట్నంలో బస్సు మారి, సింధియాలో దిగాం. అక్కణ్ణించి కొండ మీదుగా జీపు. మనుషులు నిండితేగానీ కదలదు, కాబట్టి తొందరపడి లాభం లేదు. యారాడలో బావ స్నేహితుడు అప్పన్న చేపల వేటకెళ్లే మనిషి. మేం కెరటాల్లోకి దిగేముందు ఇన్సులిన్ సీసా అతని చేతికిచ్చి, ఎండ తగలనివ్వొద్దని చెప్పాం.

సాయంత్రం సూది వేళకి అప్పన్న ఉప్పు చల్లిన చేపల ఐసు పెట్టె అడుగునించి సీసా తీశాడు. రాయిలా గడ్డకట్టేసింది! సీసా లాక్కుని అరిచాను.

"ఎంత పని చేశావు అప్పన్నా!"

"ఏటి బాబూ, అలా అరుత్తన్నావ్? ఐసులో సేపలే పాడవ్వవు, మందు పాడైపోద్దేటి?"

గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచెయ్యదని చెబుతూనే ఉన్నాను, బావ తాపీగా సీసాని అరచేతుల మధ్య దొర్లిస్తున్నాడు. కరిగిన మందులో తెల్లటి పలుకులు తేలాయి.

"దీనికేటయ్యింది? నాను రోజూ పొడుసుకునేది ఇలాగే ఉంటాది కదా."

"రోజూనా! ఇంటి దగ్గర ఎక్కడ పెడుతున్నావ్ బావా?"

"పక్కింటోళ్ల ఫ్రిజ్జిలో. పైన ఐసు కట్టే అర ఖాళీగుంటాదని ఆవిడ అక్కడెట్టింది."

ఇన్ని నెలలూ ఈ మనిషి పొడుచుకున్నది చచ్చిన మందా?

వెంటనే జీపెక్కాం. సింధియాలో దిగి కొత్త సీసా కోసం మందుల షాపుకి పరిగెత్తాం. మూసేసి ఉంది. తిట్టుకుంటూ డాక్టరు ఇంటికే పోయాం. సంగతి వినగానే ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"పనిచెయ్యని మందుకా నేను మోతాదు పెంచింది? మంచి సీసాతో ఇదే మోతాదు పొడుచుకునుంటే, చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొచ్చేదయ్యా!"

రక్తంలో చక్కెర చూసి, తన దగ్గరున్న సీసాలోంచి తక్కువ మోతాదు ఆయనే ఇచ్చాడు.

ఆ షాపు తెరిచి ఉంటే కొనేవాళ్లం, అక్కడే పొడిచేసేవాళ్లం. మూసి ఉండబట్టే బావ బతికాడు. ప్రయాణంలో ఇన్సులిన్ చల్లగా ఉంచండి, ఐసుకి మాత్రం తాకనివ్వకండి. ఒకసారి గడ్డకడితే, కరిగినా పారెయ్యండి. కొత్త సీసా పొడుచుకునే ముందు ఎంత మోతాదో డాక్టర్ని అడగండి.