అవ్వ చెయ్యి

మా పాప వనపర్తి బడి నుంచి ఎండ బొమ్మల పెట్టె ఒకటి తెచ్చింది. కెమెరా లేకుండా ఫోటో అని మూత మీద గొప్పగా రాసి ఉంది. లోపల మందు పూసిన కాగితాలు, ముందే కత్తిరించిన సీతాకోకచిలుకలు. పరిచి ఎండలో పెట్టడం తప్ప పిల్లకు పనే లేదు, దీనికి కళ అని పేరు. ఆ మందు ఏం చేస్తుందోనని పాప చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను.

గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. మా చిన్నాయన ఒక్కడే మగ్గం ముట్టక ఫోటో స్టూడియో పెట్టి, అన్నానికి కూడా మెడలో కెమెరాతోనే కూర్చునేవాడు. పాతబడ్డాయని ఆయన పారేసే ఫోటో కాగితాలే నా ఆస్తి. వేసవి సెలవుల్లో, మగ్గాల చప్పుడు, ఉడికే గంజి వాసన, ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కల మధ్య, చీర అంచుల కోసం బెజ్జాలు కొట్టిన పాత అట్టల నుంచి హంసలు కత్తిరించి, కాగితం మీద పరిచి, పటం అద్దం కప్పి వాకిట్లో పెడితే, ఎండ తగిలినంత మేర ఊదాగా మారి, అట్ట కింద తెల్లని హంస, దాని ఒంటినిండా బెజ్జాల చుక్కలు మిగిలేవి. బొమ్మను నిలిపే స్టూడియో మందులో ముంచకపోతే సాయంత్రానికి అదీ మాసిపోయేది.

ఒక ఏడాది మా నాయన తల్లి, మేమంతా అవ్వ అనే ఆమె, వేళ్లు వంకరపోయి పోగులు అతకడం మానేసింది. ఆ చేతిని కాగితం మీద దాచుకోవాలని నాకు అనిపించింది. అట్ట హంసల నడుమ చెయ్యి పెట్టి అవ్వ ఎండలో కదలకుండా కూర్చుంది. వేళ్ల వంకరలతో సహా చెయ్యి కాగితం మీద పడింది. వెలుతురు తగలకుండా కాగితాన్ని గుడ్డలో చుట్టుకుని స్టూడియోకు పరుగెత్తాను.

పెళ్లివాళ్లు కూర్చుని ఉన్నారు. "కెమెరా లేకుంట ఫోటో ఏందే? పో, గచ్చకాయలాడుకో పో," అని వాళ్ల ముందు నవ్వాడు చిన్నాయన. మందు సీసా మూత కూడా తీయలేదు.

"రంగే గదనే బిడ్డా, పటిక నీళ్లల్ల నిలుస్తది," అంది అవ్వ. రంగద్దిన పట్టును చేసినట్టే పటిక నీళ్లలో ముంచి ఎండలో తీగ మీద ఆరేసింది. ఆరేసరికి చెయ్యి లేదు, హంసలు లేవు, కాగితమంతా వంకాయ రంగు.

"దిట్టంగనే పట్టిందే రంగు," అని అవ్వ నవ్వింది. నేను నవ్వలేదు.

ఇప్పుడు ఆ మగ్గాల గదిలో చిన్నాయన ఫ్లెక్సీల మిషను ఉంది. అవ్వ ఎట్లా ఉండేదని పాప అడిగితే, చూపించడానికి ఆయన తయారుచేసిన, దండ వేసిన అవ్వ పటమే దిక్కు. ఆధార్ కార్డు ముఖాన్ని పెద్దది చేసి, అవ్వ ఎన్నడూ కట్టని గులాబీ చీర కంప్యూటర్లో తగిలించి, వెనక మంచుకొండలు నిలబెట్టి, మూలన తన పేరు వేసుకున్నాడు ఆ మహానుభావుడు. ఆ పటం భుజాల దగ్గరే ఆగిపోయింది, చేతుల దాకా రాలేదు.